ఎద్దుల దొడ్డి వెనక దొరికిన మనిషి

మార్లా కళ్లు మూసుకున్నది ఒక్క నిమిషమే. తెరిచేసరికి గ్యాలరీ బల్ల మీద పక్కనున్న పెనీ లేదు.

"చెల్లి ఏదిరా?" అని ఆరేళ్ల ట్యానర్‌ని అడిగింది.

"ఇక్కడే ఉందిగా" అన్నాడు వాడు, పక్కకి చూడకుండానే. బరిలో ఎవడో గుర్రం మీంచి దబ్బున పడ్డాడు. వాడి ధ్యాసంతా అక్కడే ఉంది.

మూడేళ్ల పిల్ల. చుట్టూ నాలుగు వేల మంది. జూలై ఎండ, దుమ్ము, మైకు గోల.

మార్లా దిగ్గున లేచింది.

రాత్రంతా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికింది. పొద్దున్నే పిల్లలిద్దరికీ బూట్లు తొడిగి, ఎనభై మైళ్లు ట్రక్కు నడుపుకుంటూ వచ్చింది. "ఏడాదికోసారి రోడియో పందేలు. నేను ఎద్దెక్కితే పిల్లలు చూడొద్దా?" అని మొగుడు డ్వేన్ వారం నుంచి ఆమె ప్రాణం తోడేశాడు. ఆయనగారు మాత్రం నిన్ననే స్నేహితులతో వచ్చేసి, ఎద్దులెక్కే వాళ్ల గుంపులో హాయిగా కూర్చున్నాడు.

ట్యానర్‌ని రెక్క పట్టుకుని లాక్కుంటూ పరిగెత్తింది. బల్లల కింద చూసింది. నిమ్మరసం బండి దగ్గర క్యూలో ప్రతి పిల్ల మొహమూ చూసింది. అరిచి అరిచి గొంతు పోయింది.

చివరికి ఎద్దుల దొడ్డి వెనక కనిపించింది. ఎవడో చంకనేసుకుని ట్రైలర్ బండ్ల వైపు తీసుకుపోతున్నాడు. యాభై దాటినవాడు. మాసిన గడ్డం, మట్టి కొట్టుకున్న చొక్కా, నడుస్తుంటే ఒక కాలు ఈడుస్తున్నాడు.

"ఆగు. నా పిల్లని ఎక్కడికి తీసుకుపోతున్నావ్?"

"మీ పిల్లేనా తల్లీ? కమ్మీల సందులోంచి ఎద్దుల్లోకి దూరబోతుంటే ఎత్తుకున్నా. మైకు దగ్గరికి తీసుకెళ్తే పేరు చదువుతారని..."

"మైకు అటుంటే నువ్విటు పోతున్నావేం?"

"అటు జనంలోంచి సందు లేదమ్మా. ఇటు చుట్టూ తిరిగి వెళ్లాలి."

మార్లా పిల్లని లాగేసుకుంది.  లాగేసుకున్నాక కోపం వచ్చింది. ఆ కోపంలో సగం తన మీదే. కానీ మన మీద మనకొచ్చిన కోపం ఎదుటివాడి మీద వెళ్లగక్కడం ఎంత సులువో.

గోలకి షెరీఫ్ మనిషి, ఓ పోలీసు, వచ్చాడు. ఇవాళ్టి జనాన్ని అదుపు చెయ్యడానికి పక్క జిల్లా నుంచి డ్యూటీకి వేసినవాడు. అతనికి ఇక్కడ ఎవరూ తెలీదు.

"పిల్ల తప్పిపోయిందా, ఇతనే ఎత్తుకొచ్చాడా? మీరు చూశారా?"

నిద్రపోయానని చెప్పాలి. మూడేళ్ల పిల్లని పక్కన పెట్టుకుని నిద్రపోయానని, ఇంతమంది వింటుండగా. 

"అమ్మా, నువ్వు కళ్లు మూసుకు..." అని ట్యానర్ అందుకోబోయాడు.

వాడి చెయ్యి గట్టిగా నొక్కింది.

"చూశాను సార్. బల్ల మీంచి ఎత్తుకుపోయాడు."

ఆ మనిషి ఆమె వైపు ఓసారి చూశాడు. కళ్ల కింద నల్లటి వలయాలూ, లాండ్రీలో మందు నీళ్లకి పగిలిన చేతులూ చూశాడు. అబద్ధమని అనలేదు.

"పిల్ల దొరికింది కదా సార్. నన్ను వదిలెయ్యండి. ఎద్దుల దగ్గర పనుంది."

"ఇవాళ ఇక్కడ అందరికీ ఎద్దుల దగ్గరే పని. కూర్చో. సంగతి తేలాక పోదువుగాని."

"పోనీ ఈ పందేలు నడిపే మా పెద్దాయనకి కబురు పంపండి. త్వరగా సార్."

"పంపుతాలే. కూర్చోమన్నానా?"

మార్లా పిల్లల్ని తీసుకుని తిరిగి వచ్చి బల్ల మీద కూలబడింది. వెళ్లి నిజం చెప్పేస్తే పోయేది. కానీ మళ్లీ ఆ జనం ముందే ఒప్పుకోవాలి. కాసేపటికి వాళ్లే వదిలేస్తారులే అనుకుంది.

ఎద్దుల పందెం మొదలైంది. కింద పడ్డవాడి మీదికి ఎద్దు రాకుండా దాన్ని తమ మీదికి మళ్లించుకోవడానికి, మొహాలకి రంగులు పూసుకున్న మనుషులు ఇద్దరు బరిలో ఉంటారు. ఇవాళ ఒక్కడే ఉన్నాడు.

"రెండోవాడు ఇంకా రాలేదు, ఎక్కడున్నాడో ఏమో" అని మైకులో నవ్వుతూ చెప్పారు. జనమూ నవ్వారు.

నాలుగోవాడు డ్వేన్.

"నాన్న" అని పెనీ చెయ్యి ఊపింది.

మూడు గెంతులకే డ్వేన్ జారాడు. కిందికైతే పడలేదు. చేతి తొడుగు ఎద్దుకి కట్టిన తాడులో ఇరుక్కుపోయింది. ఎద్దు గుండ్రంగా తిరుగుతుంటే దాని పక్కనే గుడ్డబొమ్మలా వేలాడుతున్నాడు. రంగు మొహం మనిషి అవతలి వైపు ఉన్నాడు, ఇటు రాలేకపోతున్నాడు.

మార్లా ట్యానర్ కళ్లు మూసింది. తన కళ్లు మూసుకోలేకపోయింది.

అంతలో కంచె మీంచి ఎవరో దూకారు. రంగు లేదు, వేషం లేదు. కాలు ఈడుస్తూనే పరిగెత్తి, కొమ్ముల పక్కగా దూరి తాడు లాగేశాడు. డ్వేన్ కింద పడి, పాక్కుంటూ కంచె చేరాడు.

ఎద్దు ఆ మనిషి మీదికి తిరిగింది. ఛాతీలో ఒక్క పోటు. పడ్డాక మళ్లీ ఇంకొకటి.

మార్లా పిల్లలతో కిందికి వచ్చేసరికి అతన్ని అంబులెన్సులోకి ఎక్కిస్తున్నారు. చొక్కా ముందంతా తడిసిపోయింది. అతను కదలడం లేదు. డ్వేన్ నేల మీద కూర్చుని ఏడుస్తున్నాడు.

రంగు మొహం మనిషి అంబులెన్సు తలుపు దగ్గరే నిలబడిపోయాడు. చెమటకి రంగంతా కారుతోంది.

"ఎవరాయన?" అంది మార్లా. 

"వెర్న్. నా జోడీ. పద్దెనిమిదేళ్లుగా ఈ బరిలో పడ్డవాళ్లని లేపి ఇళ్లకి పంపేది వాడేనమ్మా. ఇవాళ ఎవరో తల్లి ఫిర్యాదు చేసిందట, షెరీఫ్ మనిషి కూర్చోబెట్టేశాడు. వదిలేసరికి డ్వేన్ ఎక్కిన ఎద్దు గేటు దాటేసింది, ఇక చొక్కా కింద కవచం తొడుక్కునే టైం వాడికెక్కడిది."