షీలా పాటలో ఖాళీ

బేస్ గిటార్ వాయించే బారీ చేతికి కట్టుతో వచ్చాడు.

"రేవులో చేపలు కోస్తుంటే కత్తి జారింది" అన్నాడు.

"ఇవాళే జారాలా? ఇంకో రోజు దొరకలేదా నీకు?" కీత్ మండిపడ్డాడు.

మండిపడక ఏం చేస్తాడు! అది హల్ అనే ఇంగ్లీషు ఊళ్లో చేపల రేవు పనివాళ్ల క్లబ్బు. ఈ ఆదివారం మధ్యాహ్నం పాటలు నచ్చితే ఇకమీదట శనివారం సాయంత్రాలన్నీ కీత్ బృందానివే. నచ్చకపోతే మళ్లీ పెళ్లి విందుల్లో, ఎవరూ వినని పాటలు పాడుకోవాలి. పాత రికార్డులను వెంట్రుకవాసి తేడా లేకుండా వాయిస్తారని వాళ్లకు పేరు. బేస్ లేకపోతే ఆ పేరు గంగలో కలిసినట్టే.

"ఆ గిటారు ఇలా ఇవ్వు. నేను వాయిస్తా."

ముందు బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడ అన్న మాట అది. ముందున్న బీరు గ్లాసు అప్పటికే ఖాళీ.

"ఎవరమ్మా మీరు?"

"మా అమ్మ మ్యూరియల్" అన్నాడు పక్కనున్న నైజెల్. చేపల లారీ నడిపే బట్టతల మనిషి.

ఆ క్లబ్బులో ఆడవాళ్లకు సభ్యత్వం లేదు. సభ్యుడైన మగవాడెవరో సంతకం పెట్టి అతిథిగా తీసుకురావాలి. కన్నతల్లికి కన్నకొడుకు పూచీ!

"అతిథులు స్టేజీ ఎక్కకూడదు" అన్నాడు కార్యదర్శి ఆల్బర్ట్.

"ఏ రూల్లో ఉందయ్యా? ఆడవాళ్లు స్టేజీ ఎక్కుతారని మీకు తట్టి ఉండదు, రాసి ఉండరు" అందావిడ, అప్పటికే మెట్లెక్కుతూ.

"ఎప్పుడైనా పట్టుకున్నారా దాన్ని?" కీత్ అడిగాడు.

"నువ్వు నిక్కర్లేసుకుని తిరిగే రోజుల్లోనే."

"'షీలా, గొడుగు తీసుకో' పాట వచ్చా?"

"వచ్చు."

"చివరి చరణం ముందు ఒక వరుసంతా బేస్ ఆగిపోవాలి. ఆ ఖాళీయే పాటకి ప్రాణం. దానిమీద పత్రికల్లో పేజీలకు పేజీలు రాశారు. అక్కడ మీ చెయ్యి కదలకూడదు."

"ఎందుకు కదలకూడదు?"

"రికార్డులో లేదు గనక!"

మ్యూరియల్ నవ్వి తీగలు సరిచేసుకుంది.

పాట మొదలైంది. మొదటి వరుసకే జనం కబుర్లు ఆపేశారు. బారీ వాయిస్తే బేస్ వెనకెక్కడో నడిచేది. ఈవిడ వాయిస్తుంటే అదే ముందు నడిచి అందర్నీ లాక్కుపోతోంది. కట్టు కట్టుకున్న బారీ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. శనివారాలు చేతికొచ్చినట్టేనని కీత్ సంబరపడ్డాడు.

ఖాళీ దగ్గరపడింది. అక్కడ గ్లాసులెత్తి "షీలా!" అని అరవడం ఆ ఊళ్లో ఆనవాయితీ. అందరూ గ్లాసులెత్తారు.

కీత్ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

ఆవిడ అతని కళ్లలోకి చూస్తూనే వాయించింది. ఖాళీ ఉండాల్సిన చోట స్వరాలు ఒకదాని మీదొకటి మెట్లెక్కి పోయాయి.

అరుపులు గొంతుల్లోనే ఆగిపోయాయి. ఎవరి బీరో ఒలికింది.

"తప్పు! తప్పు!" అని ఒకడు కేకేశాడు. నవ్వులు. బల్లల మీద చరుపులు.

పాట ముగిసీ ముగియకుండానే ఆల్బర్ట్ మైకు అందుకున్నాడు. "శనివారాలకు వేరే వాళ్లను చూస్తాం. నైజెల్, ఈవిడని ఇంకెప్పుడూ తీసుకురాకు!"

"తెమ్మన్నా రాను" అంది మ్యూరియల్.

"నా కొంప ముంచావు కదమ్మా!" కీత్ ఆవిడకి అడ్డొచ్చాడు. "అక్కడ వాయించొద్దని చెప్పానా లేదా?"

"చెప్పావు. ఎప్పుడైనా ఒక్కసారి నలుగురిలో అది వాయించి తీరాలనుకున్నాను, వాయించాను. తిట్టుకుంటే తిట్టుకో."

గిటారును బారీ ఒళ్లో పదిలంగా పెట్టి, కోటు తొడుక్కుంది. "నువ్వు నిదానంగా తాగి రారా" అని కొడుక్కి చెప్పి, తలెత్తుకుని వెళ్లిపోయింది.

కీత్ నైజెల్ మీద విరుచుకుపడ్డాడు. "మీ అమ్మ నా పాట తగలేసింది!"

"నీ పాటా?" నైజెల్ గ్లాసు కింద పెట్టాడు. "రికార్డు అట్ట మీద గిటారు పట్టుకుని పొడుగు జుట్టువాడు ఉంటాడే, వాడు ఫొటోకి నిలబడ్డాడంతే. వాయించింది మా అమ్మ."

"నిజమా?"

"ఇప్పుడు విన్నావుగా!"

విన్నాడు. అందుకే నమ్మాడు. "మరి ముందే చెప్పలేదేం?"

"ఒకప్పుడు చెబితే పగలబడి నవ్వారట. ఇక నోటితో చెప్పనంది."

కీత్ వీధిలోకి పరుగెత్తాడు. ఆవిడ ఎక్కిన బస్సు మలుపు తిరిగిపోయింది. రొప్పుతూ తిరిగొచ్చాడు.

"మరి రికార్డులో ఆ ఖాళీ... అంత గొప్పగా ఆపాలని ఆవిడకి ఎలా తట్టింది?"

నైజెల్ తన బట్టతల తడుముకున్నాడు.

"తట్టడం కాదు గురూ, ఇంట్లో చూసేవాళ్లు లేక రికార్డింగుకి నన్ను వెంట తీసుకెళ్లింది, పాట అక్కడికొచ్చేసరికి నేను నిద్రలేచి ఏడుపు లంకించుకోబోతే, తీగ వదిలి నన్ను పడుకోబెట్టిన పిల్లల బండి ఊపింది."