పిలవని కప్ప

తొలకరి పడిందంటే చాలు, తుంగమడుగులో ఒకటే గోల. మగకప్పలన్నీ గొంతు చించుకుని తోడును పిలవాలి. వాన వెలిసేలోపు జోడీ కుదరనివాణ్ణి నడిమడుగులోని బండమీద కూర్చోబెట్టి పాముకు వదిలేస్తారు. ఒంటరివాడు దొరికితే పాము జంటల జోలికి రాదని వాళ్ళ నమ్మకం.

ఈసారి మచ్చయ్య అనే కుర్రకప్ప నోరు విప్పలేదు.

“ఏరా, నీకేం రోగం? ఎవర్తెనో ఒకర్తెను పిలిచెయ్యరాదూ?” అని కసిరాడు మడుగు పెద్ద బోదురయ్య.

“తోడు కావాలనిపించిన రోజు నేనే పిలుస్తాను పెద్దయ్యా. మీ భయం కోసం నేను ప్రేమించలేను,” అన్నాడు మచ్చయ్య.

“ఎంత పొగరు! వీణ్ణి బండెక్కించండి!”

“మీరు ఎక్కించేదేంటి?” అంటూ తనే ఎగిరి బండమీద కూర్చున్నాడు.

పీడ వదిలిందని జంటలన్నీ సంబరంగా అరుపులు లంకించుకున్నాయి. ఆ అరుపులు విని పాము రానే వచ్చింది. కిక్కురుమనకుండా కూర్చున్న మచ్చయ్యను రాయనుకుని, పక్కనుంచే జంటల వైపు సాగిపోయింది.

తనను బలిచ్చి వాళ్ళు చేసుకుంటున్న సంబరానికి మచ్చయ్యకు ఒళ్ళు మండింది. అయినా చూస్తూ ఊరుకోలేకపోయాడు.

“నోళ్ళు ముయ్యండ్రా! పాము మీ మీదికే వస్తోంది!” అని ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు.

పాము ఆగి, గిర్రున అతని వైపు తిరిగింది.

ఆ గోలలో బోదురయ్యకు మాటలు వినపడలేదు, గొంతు మాత్రమే వినపడింది. “విన్నారా! మచ్చయ్యకూ ప్రేమ పుట్టింది! ఇంకా గట్టిగా అందుకోండి!”

మడుగు హోరెత్తిపోయింది. పాము మళ్ళీ జంటల వైపే తిరిగింది.