నీలం మూత

“వాడి మొహం ఒక్కసారి చూపించు వదినా. ఇంకేం అడగను,” అంది ఆడపడుచు.

“చూపించడమేంటి? మెడ పట్టి లాక్కొచ్చి నీ ముందు నిలబెడతాను. ఆ తర్వాత నీ ఇష్టం,” అంది ఆమె.

ఆమె భర్త మోకాలి ఆపరేషన్‌కి తన కాళ్ల మీదే ఆస్పత్రికి నడిచి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ, “నేనొచ్చేలోగా వదినా మరదళ్లు జుట్లు పట్టుకోకండి,” అని చెల్లెలిని ఆటపట్టించాడు. కుట్లు చీము పట్టాయి. ఒంట్లోకి విషం పాకింది. ఏ మందూ పనిచేయలేదు. మనిషి మళ్లీ ఇల్లు చూడలేదు.

ఇంకొకరైతే తలరాత అనుకుని ఏడ్చి ఊరుకునేవారు. ఆమె అదే ఆస్పత్రి ల్యాబులో సూక్ష్మజీవుల శాస్త్రవేత్త. మందులకు లొంగని బ్యాక్టీరియా, అవి కక్కే విషాలు, ఇవే ఆమె చదువు, ఉద్యోగం, లోకం. భర్త కుట్లలోంచి తీసిన చీములోని క్రిమిని రక్తం కలిపిన జెల్లీ పళ్లెంలో పెంచింది.

వాడు దర్జాగా పెరిగాడు. చుట్టూ ఉన్న రక్తాన్ని విషంతో కరిగించేశాడు. మందు అద్దిన కాగితపు బిళ్లలు పెడితే మామూలుగా వాటి చుట్టుపక్కల ఏదీ మొలవదు. వాడు మాత్రం ఆ బిళ్లలకే ఆనుకుని, కొత్త అల్లుడిలా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

“నువ్వు వట్టి కత్తివిరా. నిన్ను పట్టుకొచ్చిన చెయ్యి కావాలి నాకు,” అంది పళ్లెం వంక చూస్తూ.

ఇలాంటివాడు ఆరోగ్యంగా తిరిగే మనిషి ముక్కులో కాపురం పెడతాడు. వేళ్ల మీదుగా ఇంకొకరి గాయంలోకి దిగుతాడు. మోసే మనిషికి తుమ్మైనా రాదు.

ఎవరి ముక్కు?

ఆమె మనసు ఎప్పుడో తీర్పు చెప్పేసింది. ఆపరేషన్ చేసిన సర్జన్‌ది. ఆయన్ని ఆస్పత్రంతా హస్తవాసి డాక్టరని పిలుస్తుంది. ఆ హస్తం సబ్బు మొహం చూడగా ఆమె ఎన్నడూ చూడలేదు. అందుకే ఆ నాలుగు గోడల మధ్య ఎవర్నీ నమ్మలేదు. ల్యాబులో పని మధ్యలో ఆపి వార్డుకు పరుగెత్తేది. “మీరు జరగండి, నేను మారుస్తా,” అని నర్సులను పక్కకు నెట్టి భర్త కట్టు తనే విప్పేది, తనే కట్టేది. అంత కాపలా కాసినా దొంగ దూరాడు.

తన భర్తను తాకిన ప్రతి ఒక్కరి ముక్కూ పరీక్షించాలని పట్టుబట్టింది. ఎవరిది కలిస్తే వాళ్లు ఇక ఆస్పత్రి గడప తొక్కకూడదంది. సూపరింటెండెంట్ నీళ్లు నమిలాడు.

“ముక్కులో క్రిమి ఉండటం నేరమేంటమ్మా? పాపం, వాళ్లకే తెలిసి ఉండదు.”

“తెలుసుకోవాలి సార్! తెలీదంటే పోయినవాడు లేచొస్తాడా?”

చివరికి ఆయన సరేననక తప్పలేదు. అందరూ వార్డు పక్క గదిలో చేరారు. హస్తవాసి డాక్టర్ చేతులు కట్టుకుని నవ్వాడు.

“నా ముక్కు మీద పడ్డారేంటమ్మా? కోపం ఉన్నది మీ ముక్కు మీద కదా?”

చిన్న నర్సు దూది పుల్లను చూసి వెనక్కి జరిగింది. “నొప్పి పుడుతుందా మేడమ్?”

ఆమె విసుగ్గా ఒక పుల్ల తీసి తన ముక్కులో గిర్రున తిప్పి, గొట్టంలో పడేసి, పక్కనున్న టెక్నీషియన్ చేతిలో పెట్టింది. “చూశావుగా, చీమ కుట్టినంత కూడా లేదు. రండి డాక్టర్ గారూ, ముందు మీరే.”

టెక్నీషియన్ చాదస్తుడు. చేతికి ఏది ఇచ్చినా పద్ధతి తప్పడు.

“డాక్టర్ గారంటే మీకు పడదు మేడమ్. ఏది ఎవరిదో మీకు తెలియకూడదు,” అని గొట్టాలన్నిటికీ తలా ఒక రంగు మూత బిగించాడు. ఏ రంగు ఎవరిదో అతని బుర్రలోనే ఉంది. కాగితం మీద పెడితే పైవాళ్లు మార్పిస్తారని ఆమే రాయొద్దంది.

ఎర్ర మూతలో వాడు లేడు. తెల్ల మూతలో లేడు. నీలం మూతలో ఉన్నాడు. అదే విషం, అదే పొగరు. జన్యువులు పోల్చి చూస్తే కవల పిల్లల్లా కలిశాయి. టెక్నీషియన్ ఇంకోసారి చేద్దామన్నాడు. చేశారు. మళ్లీ నీలమే.

భర్త పోయాక ఆమె మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఆడపడుచుకి ఫోన్ చేసింది.

“బయల్దేరు. దొరికాడు.”

ల్యాబు ముందు గదిలో అందరినీ నిలబెట్టింది. హస్తవాసి డాక్టర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇప్పుడు నవ్వడం లేదు. ఆ చేతులను వెనక్కి దాచుకుంటుంటే ఆమె తనివితీరా చూసింది.

“నాదైతే నేనే వెళ్లిపోతానమ్మా. మీరెవరూ గెంటక్కర్లేదు,” అన్నాడాయన నెమ్మదిగా.

ఆడపడుచు ఆయన ఎదురుగా వెళ్లి, కళ్లార్పకుండా ఆ మొహంలోకే చూస్తూ నిలబడింది.

“మేడమ్, మీతో విడిగా ఒక్క మాట…” అన్నాడు టెక్నీషియన్.

“విడిగా ఏమీ లేదు. అందరూ వినాలి. నీలం ఎవరిది?”

“రేపు చెబుతాను మేడమ్.”

“ఇప్పుడే చెప్పు! నా భర్తను చంపినవాళ్ల మీద నీకు జాలేంటి?”

అతను నేల చూపులు చూస్తూ చెప్పాడు.

“నీలం… ఆ రోజు నర్సు భయం పోగొట్టడానికి ముందుగా మీ ముక్కులో తిప్పుకుని నా చేతికిచ్చారే, ఆ పుల్ల మేడమ్.”