గడియారం కింద

"మసిగుడ్డలా ఉంటే మసిగుడ్డే చేశాను. అందులో నా తప్పేముంది?" అంది కోడలు, పొయ్యిగట్టు తుడుస్తున్న చెయ్యి ఆపకుండా.

మామగారు ఆ పసుపుపచ్చ గుడ్డ వైపే చూస్తూ నిలబడిపోయారు. ఆయన దర్జీ. వీధిలో సగం మంది కొలతలు ఆయనకు నోటికి వచ్చు. తనకు మాత్రం ఉన్నవి నాలుగు తెల్ల చొక్కాలు, ఈ ఒక్క పసుపుపచ్చదీ. దాని మీద వేలెడు వెడల్పున గోధుమరంగు చారలు. ఆదివారం తప్ప తొడగరు.

"ఇంకోటి కుట్టుకుందురులెండి మావయ్యగారూ. మీకది ఎంతసేపు?"

"ఇది మూడోదమ్మా. ఆ గుడ్డ తాను మొత్తం కొని ఉంచాను. అయిపోయింది."

గుడ్డ తీసుకుని, ఉతికి, పిండి, దండెం మీద ఆరేసుకున్నారు. ఆమె కత్తిరించేసిన భాగాన్ని ఆదివారానికల్లా అతుకు కనపడకుండా కలిపి కుట్టేశారు కూడా. అత్తగారు, "నన్నొక మాట అడగాల్సింది," అని ఊరుకున్నారు. ఆవిడ నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేదనిపించింది కోడలికి.

పెళ్ళయి నాలుగు నెలలు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. వేరే ఊళ్ళో సూపర్‌వైజర్ ఉద్యోగం వచ్చింది, క్వార్టర్సుతో సహా. నెలాఖరులోగా చేరాలి. నలుగురికీ ఒకటే కిటికీ ఉన్న ఈ ఇంట్లో కూర్చుని, రాబోయే ఇంటికి కర్టెన్ల రంగు కూడా అనుకుని పెట్టుకుంది కోడలు. అడ్డల్లా ఒకటే. మామగారు కదలరు. ఆయన్ని వదిలి అత్తగారు కదలరు. ఆ ఇద్దర్నీ వదిలి వెళ్ళటానికి భర్తకు మనసు రాదు.

"మరి ఆదివారాలెలా?" అంటారాయన. అదొక్కటే మాట.

"ఆదివారం అక్కడ కూడా వస్తుంది నాన్నా. రెండు బస్సులు మారి నది ఒడ్డుకు పోతావు. ఊరంతా జెయింట్ వీల్ ఎక్కటానికి వెళ్తే, నువ్వు ఎక్కవు, దిగవు, నిలబడి వస్తావు. పిచ్చి కాకపోతే ఏంటిది?"

"బస్సు ఎక్కుతున్నాగా, దిగుతున్నాగా," అని నవ్వుతారు పెద్దాయన.

ఆ మాట వచ్చిన ప్రతిసారీ భర్త బండి తీసుకుని బయటికి పోతాడు. అతను బస్సెక్కగా ఆమె చూడలేదు. నది ఒడ్డు చూపించమని ఎన్నిసార్లు అడిగినా తీసుకెళ్ళలేదు.

అక్కడేముందో తెలిస్తే ఆయన మనసు తిప్పటం తేలికని, ఆ ఆదివారం కోడలు తనూ వస్తానంది.

మార్కెట్ దాకా పదకొండో నంబరు, అక్కణ్ణుంచి తొమ్మిదో నంబరు. రెండో బస్సులో చీమ దూరే సందు లేదు. మామగారు ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకుని, పర్సు జిప్పు పళ్ళతో లాగి, కుడిచేత్తో చిల్లర తీశారు.

"కోడల్ని ఎవరూ ఎత్తుకుపోర్లే పెద్దాయనా," అన్నాడు కండక్టరు. ఆమె వైపు తిరిగి, "ఒక్కడే వచ్చినా ఇంతేనమ్మా. ఆ ఎడమచెయ్యి తియ్యడు, పర్సు పళ్ళతోనే," అన్నాడు.

"టికెట్టు కొనేటప్పుడే పట్టు జారేది. ఈ చేతికి పట్టు లేదయ్యా," అన్నారు మామగారు.

నాలుగు మడతల జీన్సు గుడ్డని ఒక్క ఊపున కత్తిరించే చెయ్యి అది. కోడలికి నవ్వొచ్చింది.

దిగగానే స్టాండు పక్కనున్న గడియారపు స్తంభం చూపించారు. "జనంలో తప్పిపోతే నన్ను వెతకొద్దు. దీని కిందికొచ్చి నిలబడు. ఇద్దరూ వెతుక్కుంటూ తిరిగితే ఇద్దరూ తిరుగుతూనే ఉంటారు. ఒకళ్ళు కదలకూడదు."

"నేనేమన్నా చంటిపిల్లనా మావయ్యగారూ?"

తీరా నిజంగానే తప్పిపోయింది. చక్రం వైపు తలెత్తి నాలుగడుగులు వేసిందంతే, జనం మధ్యలోకొచ్చేశారు. ఫోను ఉన్న సంచీ ఆయన దగ్గరే ఉండిపోయింది. అరగంట అటూ ఇటూ తిరిగి, చివరికి గడియారాన్ని గురుతు పెట్టుకుని నడిచింది. అన్ని తలల మధ్యా ఆ పసుపు చొక్కా దూరం నుంచే కనిపించింది. ఆయన అడుగు కదల్లేదు.

"వచ్చేశావామ్మా," అంటూ ఆమె చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. "వచ్చేశావా. ఇక్కడికే వస్తావని చెప్పానా, లేదా?" కళ్ళు ధారలు కడుతున్నాయి. ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

బట్టలు మడత పెడుతూ భర్తకు చెప్పిందంతా. "అరగంటకే అంత ఏడవాలా? పాపం, నేనంటే ఎంత ప్రాణమో."

"ఎక్కడ నిలబడ్డాడు?"

"గడియారం కింద."

"పసుపు చొక్కాలోనే?"

"ఆ. ఏం?"

అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు నలుగురూ భోజనాలకు కూర్చున్నారు. భర్త కంచంలో చెయ్యి పెట్టలేదు.

"ఉద్యోగం వద్దని ఫోన్ చేసి చెప్పేశాను. మనం ఎక్కడికీ వెళ్ళటం లేదు."

అతను తండ్రి వైపు తిరిగాడు. "వచ్చే ఆదివారం నేనూ వస్తాను నాన్నా. బస్సులోనే. అక్కడ నువ్వు కాస్త కూర్చో, నేను నిలబడతాను."

అత్తగారు వడ్డించబోయిన గరిటెను మళ్ళీ గిన్నెలో పెట్టేశారు.

"నీకెందుకురా అవస్థ," అన్నారు మామగారు, తన ఎడమచేతిని చూసుకుంటూ. "పట్టు లేనిది నా చేతికి. నిలబడాల్సింది నేను."

భర్త తలెత్తలేదు.

"ఆ రోజు అక్కడ జనంలో చెల్లి చెయ్యి వదిలేసింది నువ్వు కాదు నాన్నా, నేను."