చవగ్గా వచ్చిన బండి

నంబరు చూడగానే యోన్జు గుండె జారిపోయింది.

నల్లటి పెద్ద విదేశీ బండి. 7041. రెండేళ్లు ఆ బండి ముందు సీట్లో కూర్చునే తిట్లు తింది. ఆ బండి తలుపు సందులోనే ఒకసారి ఆమె వేళ్లు నలిగాయి, పొరపాటున కాదు. ఇప్పుడు అదే బండి గ్వాంగ్జు ఊళ్లో, ఆమె ఉండే అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో, ఆమె చిన్న కారుకి అడ్డంగా నిలబడి ఉంది.

అంటే టేసిక్ వచ్చేశాడు.

ఆ మాజీ మొగుడికి దొరక్కూడదనే ఆమె సియోల్ వదిలింది. ఉద్యోగం మార్చింది. ఫోన్ మార్చింది. నడుము దాకా ఉన్న జుట్టు కత్తిరించుకుంది. గడప దాటితే ముఖానికి మాస్కు, నెత్తిన టోపీ. “ఏ కలుగులో దాక్కున్నా ఈడ్చుకొస్తా” అని కోర్టు వరండాలో, పక్కన పోలీసు ఉండగానే అన్నాడు ఆ మహానుభావుడు. ఆ తర్వాత పద్నాలుగు నెలలు ప్రశాంతంగానే గడిచాయి. ప్రశాంతంగా అంటే, మెట్ల మీద చప్పుడైతే ఊపిరి బిగబట్టేంత ప్రశాంతంగా.

ఉదయం ఎనిమిదైంది. ఆఫీసులకి వెళ్లేవాళ్లు తిరుగుతూనే ఉన్నారు. అయినా ఆమె స్తంభం వెనక నక్కింది. పైకి పారిపోదామంటే లిఫ్టుకి దారి ఆ బండి పక్కనుంచే. పోలీసులకి ఫోన్ చేద్దామంటే ఏమని చెప్పాలి? ఒక బండి నిలబడి ఉందనా?

పది నిమిషాలు గడిచాయి. బండిలో కదలిక లేదు.

అప్పుడు తట్టింది. ఇలా అడ్డంగా బండి పెట్టినవాళ్లెవరైనా ముందు అద్దం దగ్గర ఫోన్ నంబరు ఉంచి పోవాల్సిందే. లేకపోతే అపార్ట్‌మెంటంతా కలిసి దుమ్ము దులిపేస్తారు. టేసిక్ నంబరైతే నిద్రలో లేపి అడిగినా ఆమె చెప్పగలదు. అదో కాదో చూస్తే చాలు.

దేవుడి మీద భారం వేసి వెళ్లి అద్దంలోకి వంగింది.

వేరే నంబరు.

ఫోన్ చేయడానికి ధైర్యం చాల్లేదు గానీ, వేలు చేసేసింది.

“అయ్యయ్యో, తీస్తున్నా తీస్తున్నా! రెండు నిమిషాలమ్మా!” ఎవరో ముసలాయన గొంతు.

అన్నట్టే రెండు నిమిషాల్లో లిఫ్టు తెరుచుకుంది. చెప్పులు టపటపలాడించుకుంటూ, చేతిలో టూత్‌బ్రష్‌తో పరిగెత్తుకొచ్చాడు నాలుగో అంతస్తు మేంగ్. మొన్నటిదాకా వీధి చివర సూపు హోటలు నడిపిన పెద్దమనిషి.

“తప్పయిపోయిందమ్మా. రాత్రి ఎక్కడా చోటు దొరకలేదు. ఈ ఏనుగు ఏ సందులోనూ పట్టి చావదు.”

“ఇది... మీ బండా అంకుల్?”

“నాదే. కొని వారమైంది. కొత్తదనుకునేవు, సెకండ్ హ్యాండే. నంబరు కూడా పాతదే, బండితోపాటే వచ్చింది.”

బండి చేతులు మారినా నంబరు మారదని యోన్జుకి తెలుసు. భయంలో ఆ సంగతే గుర్తు రాలేదు.

“అమ్మినాయన ఎవరు?”

“సియోల్ మనిషి. టేసిక్ అని. ఎంత మర్యాదస్తుడో! తనే నడుపుకుంటూ ఇక్కడిదాకా తెచ్చిచ్చాడు. ఎక్కడుంటారు, బండి ఎక్కడ పెడతారు అని పిల్లనిచ్చేవాడిలా అడిగాడనుకో. మన అపార్ట్‌మెంట్ పేరు చెప్పానో లేదో, బేరమాడకుండానే రేటు దించేశాడు. వియత్నాంలో ఉద్యోగమట. ఈపాటికి విమానం ఎక్కేసుంటాడు.”

ఎక్కేశాడు. బండి తెగనమ్ముకుని, దేశం వదిలి వెళ్లిపోయాడు.

యోన్జుకి ఒళ్లంతా తేలికైపోయింది. నిలబడలేక ఆ బండి బానెట్ మీదే చేతులు ఆన్చింది. ఊపిరాడక మాస్కు లాగేసింది. టోపీ తీసేసింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

“ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?”

“బాగుందంకుల్. చాలా బాగుంది.”

“నన్ను చూసే కదా నవ్వుతున్నావ్? నవ్వు, నవ్వు. హోటలు మూసేశాక సరదా తీర్చుకుందామని కొన్నా. ఇప్పుడిది నా సరదా తీరుస్తోంది. ఒక్కో టైరుకి నా నెల పెన్షన్ చాలదట. ఆయిల్ మారుద్దామని పోతే మెకానిక్ నన్ను వియ్యంకుడిలా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. నా పని అయిపోయిందని అప్పుడే అర్థమైంది. మా ఆవిడైతే బండికి కీడు తగలకుండా మన ఆనవాయితీ ప్రకారం ఎండుచేప కట్టి పూజ చేయిస్తేగానీ ఎక్కనని కూర్చుంది.”

యోన్జు పకపకా నవ్వింది. అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

“అన్నిటికన్నా పెద్ద బుద్ధి ఏం వచ్చిందో చెప్పనా? తాళాలు చేతికి రాగానే బండి మనదైపోదు. దీని చుట్టూ నాలుగు కెమెరాలున్నాయి. దగ్గరికి ఎవరొచ్చినా ముఖం ఫొటో తీసి ఓనరు ఫోన్‌కి పంపుతాయట. వారం నుంచి చూస్తున్నా, నాకు ఒక్కటంటే ఒక్కటి రాలేదు.”

“పాడైపోయాయేమో అంకుల్,” అంది ఆమె, బానెట్‌కి ఆనుకునే కళ్లు తుడుచుకుంటూ.

“పాడూ లేదు గీడూ లేదు, నిన్న ఆయనకే ఫోన్ చేస్తే ఫొటోలన్నీ ఇంకా తనకే చక్కగా వస్తున్నాయన్నాడు, ఒకే ఒక్క ఫొటో కోసం చూస్తున్నాడట, అది రాగానే నా పేరుకి మార్చేస్తాడట.”