మొదటి నాలుగు నిమిషాలు

"ఆ మొదటి నాలుగు నిమిషాలూ కొయ్యకండి సార్."

గిటారిస్టు ఉలిక్కిపడి తల తిప్పాడు. స్టూడియో గుమ్మంలో అరవయ్యేళ్ల మనిషి ఎవరో నిలబడి ఉన్నాడు. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు.

"ఎవరండీ మీరు? లోపలికెవరు రానిచ్చారు?"

"కింద ఎవరూ లేరండీ. పొద్దున రేడియోలో మీ మాటలు విని వచ్చాను."

గోడ గడియారంలో మూడున్నర. నాలుగింటికల్లా సీడీల ఫ్యాక్టరీకి ఫైలు పంపాలి.

ముప్పయ్యేళ్లలో బ్యాండు స్టేజీ మీద అప్పటికప్పుడు అల్లి వాయించిన వాటిలో అభిమానులు ఓట్లేసి ఎంచుకున్న ఏడింటితో వస్తున్న సీడీ అది. ఆరు సిద్ధమయ్యాయి. అన్నిటికన్నా ఎక్కువ ఓట్లు పడ్డ ఏడోదే తేలలేదు. అది పెడితే సీడీలో పట్టేదానికన్నా నాలుగు నిమిషాలు మించిపోతోంది.

ఆ నాలుగు నిమిషాలు ఎక్కడ కొయ్యాలో గిటారిస్టుకు తెలుసు. పొద్దున రేడియోలో నవ్వుతూ చెప్పాడు కూడా. "మొదట్లో మా బేస్ గిటార్ వాడు పాట మర్చిపోయి మూడు స్వరాలు పట్టుకుని వేలాడాడు. పోయినవాణ్ని అనకూడదు గానీ, ఆ రోజు గట్టెక్కించింది నేనే" అని.

"ఆయన మర్చిపోలేదు సార్" అన్నాడు గుమ్మంలో మనిషి.

"మీకెలా తెలుసు?"

"నేనక్కడే ఉన్నాను."

"నలభై వేలమంది ఉన్నారక్కడ. అందరూ ఇలా మెట్లెక్కి వస్తే నేనేమైపోవాలి?"

"నేను జనంలో లేనండీ. నేను..."

"చూడు పెద్దాయనా, నాకున్నది అరగంట."

"ఆయనుంటే నేను రాకపోదును. పోయాడని రేడియోలోనే తెలిసింది. ఆయన మీద ఆ మాట ఉండిపోకూడదని..."

"నా బ్యాండు గురించి నాకే చెప్తావా? ముందు బయటికి నడు."

ఆ మనిషి తలుపు మీద చెయ్యి వేశాడు.

"ఆయన మైకు ఒక్కటీ విడిగా వినండి సార్" అన్నాడు. చప్పుడు కాకుండా తలుపు మూసి వెళ్లిపోయాడు.

"కానియ్యమ్మా, కోసెయ్" అన్నాడు గిటారిస్టు.

సౌండ్ ఇంజనీరు చెయ్యి కదపలేదు. ఈ పనిలోకి వచ్చి ఆమెకు పదేళ్లు. మిగతా మైకుల్ని మూసి ఒక్కదాన్నే వినమని బయటివాళ్లెవరూ ఇంతవరకు అడగలేదు.

"అన్నయ్యా, ఆ రోజు అసలేం జరిగింది?"

"ఏముంది! తర్వాతది ఎగిరే పాట. మొదటి దెబ్బకే మేమూ, వెనక కోరస్ పాడే బడిపిల్లలు ఇరవై మందీ ఒక్కసారిగా ఎగరాలి. నేను నాలుగు లెక్కపెట్టాను. వీడు అందుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని, కునికిపాట్లు పడుతున్నట్టు ఆ మూడు స్వరాలు మొదలెట్టాడు. పైగా పిల్లల్ని దిగిపొమ్మని సైగలు. ఎంత ఒళ్లు మండిందో! దిగాక అందరి ముందూ కడిగేశాను. గిటార్ పెట్టెలో సర్దుకుని పోయాడు. మళ్లీ మొహం చూపించలేదు."

"ఎందుకలా చేశావని అడిగారా?"

గిటారిస్టు గడియారం వైపు చూశాడు.

"అడిగితే చెప్పే రకమా? మేం వాడికి పెట్టిన పేరే ముక్తసరి."

ఆమె ఒక్కొక్క మైకే మూసేస్తూ వచ్చింది. డ్రమ్ములు పోయాయి. గిటార్ పోయింది. ముక్తసరి మైకు ఒక్కటే మిగిలింది.

జనం హోరు. అది కాస్త తగ్గాక, స్టేజీ పలకల సందులోంచి వచ్చినట్టు సన్నగా ఓ పిలుపు.

"అన్నా... బేస్ అన్నా... ఇటు వంగండి."

ఇంజనీరు చటుక్కున లేచింది.

"ఇప్పుడొచ్చిన ఆయన గొంతే ఇది."

మెట్లు రెండేసి చొప్పున దిగింది. వీధిలో రెండు వైపులా చూసింది. బస్టాపులో ఎవరూ లేరు. ఎదురుగా జిరాక్సు షాపు ఆవిడ కాగితాలు సర్దుకుంటోంది.

"ఒక పెద్దాయన, ఇప్పుడే..."

"బస్సెక్కాడమ్మా. ఎక్కడానికే చాలాసేపు పట్టింది పాపం. కండక్టరు చెయ్యి అందిస్తే గానీ ఎక్కలేకపోయాడు."

"ఏ బస్సు?"

"అది చూళ్లేదు."

పేరు అడగలేదు. నంబరు తీసుకోలేదు. మంచినీళ్లయినా ఇవ్వలేదు.

ఆమె పైకొచ్చేసరికి నాలుగింటికి పది నిమిషాలే ఉంది. గిటారిస్టు హెడ్‌ఫోన్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"దొరికాడా?"

"లేదన్నయ్యా."

"కోత వద్దు. అది మొత్తం ఉండనీ. ఇంకోటి తీసెయ్. నేనొక్కణ్నే వాయించింది ఉంది చూడు, అది తీసెయ్."

ఆమె దాన్ని తీసేసింది. అతను టేపును వెనక్కి తిప్పి, స్పీకర్లు తెరిచాడు.

"అన్నా, ఎవర్నీ ఎగరనివ్వకండి. పిల్లలు నిలబడ్డ చోట కింద గుంజ జారిపోయింది. జాకీ కోసం పరిగెత్తారు. జనానికి తెలిస్తే తొక్కిసలాటైపోతుంది. మెల్లగా ఏదో ఒకటి వాయిస్తూ పిల్లల్ని దించెయ్యండి."

ఒక్క క్షణం తర్వాత ముక్తసరి గొంతు. "మరి ఇప్పుడు స్టేజీ దేని మీద ఆగింది?"

"నా వీపు మీదన్నా."