చంద్రమ్మ దగ్గర ఫోను

సురేందర్ జావా క్లాసు నుంచి వచ్చేసరికి ఎస్.ఆర్. నగర్‌లో అతను తినే మెస్ నడిపే చంద్రమ్మ బియ్యం ఏరుతోంది.

"పదకొండింటికి ఏదో కంపెనోళ్లు ఫోన్ చేసిండ్రు బిడ్డా. పిలగాడు సదువుకుంటుండు, నాలుగైనంక చెయ్యుండ్రని చెప్పిన."

సురేందర్ గోడకు చేరగిలబడ్డాడు. ఏడాదిగా అమీర్‌పేటలో ఫోను మోగినప్పుడల్లా క్లాసు వదిలేసి ఏదో ఒక ఇంటర్వ్యూకి పరుగెత్తాడు. ఒక్క కోర్సూ పూర్తి కాలేదు, ఒక్క ఉద్యోగమూ రాలేదు. అందుకే పది రోజులుగా పొద్దున్నే ఫోను ఆమెకిచ్చి వెళ్తున్నాడు.

"నా బతుకు ఆగమైంది పెద్దమ్మా!"

చంద్రమ్మ ముఖం పాలిపోయింది. "ఎవ్వలు చేసినా గట్లనే చెప్పుమని నువ్వే అంటివి గదరా?"

అతను ఆ నంబరుకు చేశాడు. పంజాగుట్ట ఆఫీసులో ఒకావిడ ఎత్తింది.

"రాత పరీక్ష పన్నెండింటికే పెట్టేశామండీ. నలభై మంది రాశారు."

"ఒక్క చాన్స్ ఇవ్వండి మేడం."

"వాళ్లలో ముప్పై మంది ఫోను మోగగానే పరీక్ష మధ్యలో లేచి బయటికెళ్లారు. అప్పుడు, పిల్లాడు చదువుకుంటున్నాడన్న మీ పెద్దావిడ మాట గుర్తొచ్చి మీకో ఖాళీ ఉంచాను. రేపు పదింటికి పరీక్ష రాయడానికి రండి. ఫోను మాత్రం ఆవిడ దగ్గరే ఉంచి రండి."